కడుపు నిండితే చాలునా? కూలి లెక్కలో ఒంటి ఖర్చు ఏది?

హుజూరాబాద్ పక్క ఊళ్లో నాటు వేసి ఒడ్డెక్కిన ఒక అవ్వతో మాట్లాడుతుంటే ఆమె అన్న మాట ఇది: "కడుపైతే నిండుతాంది బిడ్డా. సర్కారు బియ్యం ఇత్తాండ్రు, తింటానం. పానమే నిల్వది. నాలుగు నారుకట్టలు నాటేసరికి కండ్లకు చీకట్లు వత్తానయి, పిక్కలు గుంజుతానయి. డాక్టరు కాడికి పోతే రక్తం లేదు, మంచిగ తినుమన్నడు. మంచిగ అంటే ఏందని అడిగితే పండ్లు తిను, పాలు తాగు అన్నడు. ఎరుకుండి అన్నడో, నవ్వులాటకే అన్నడో!"

ఈ మాటను ఆడవాళ్ల గోడుగా కొట్టిపారేయవద్దు. ఇందులో శాస్త్రం అడగవలసిన ప్రశ్న ఒకటుంది, కూలి సంఘం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. కడుపు నిండినా సత్తువ ఎందుకు రాదు? "మంచిగ తినడం" అంటే ఏమిటి, దాని ఖరీదు ఎవరి లెక్కలో రాయాలి?

ముందు ఒంటి సంగతి చూద్దాం. తిన్నది అరగడం వేరు, అరిగింది ఒంటికి పట్టడం వేరు. అరగడం కడుపులో, పేగుల్లో అయిపోతుంది. ఆ తర్వాత నెత్తురులో కలిసిన సారాన్ని ఒంట్లోని ప్రతి జీవకణమూ తీసుకొని మండించి శక్తి చేసుకుంటుంది, విరిగినచోట అతుకుతుంది, కొత్త కండ కడుతుంది, మిగిలింది దాచుకుంటుంది, చెత్త బయటికి తోస్తుంది. ఈ మొత్తం పనిని జీవక్రియ అంటారు. మనం నిద్రపోతున్నా అది ఆగదు. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు తమ పని తాము చేస్తూనే ఉంటాయి. 55 కిలోల ఆడమనిషి రోజంతా కదలకుండా పడుకున్నా ఒంటికి సుమారు 1200 కేలరీలు ఖర్చవుతాయి. ఇందులో ఐదో వంతు దాకా మెదడొక్కటే తింటుంది. తలకాయ పని చేసేవాళ్లకే మెదడు ఉంటుందనుకునేవాళ్లు ఈ లెక్క గమనించాలి.

నాటుకు దిగితే ఆ లెక్క ఎక్కడికో పోతుంది. భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన అంకెల ప్రకారం 55 కిలోల స్త్రీ కూర్చొని పనిచేస్తే రోజుకు 1660 కేలరీలు కావాలి, మధ్యరకం పనైతే 2130, బరువు పనైతే 2720. 65 కిలోల మగమనిషికి ఇవే వరుసగా 2110, 2710, 3470. గర్భిణి అయితే మరో 350 కలపాలి. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మరో 600. బరువు పని అంటే ఏదో కాదు, మోకాలి లోతు బురదలో పొద్దంతా నడుము వంచి నాటడం, మోపులు మొయ్యడం, గడ్డపారతో తవ్వడం.

ఇక అవ్వ తినే సర్కారు బియ్యం లెక్క. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో (మన హుజూరాబాద్ కాదు, నల్లగొండ వైపుది) సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు. మనిషికి నెలకు ఆరు కిలోలు. ముప్పై రోజులకు పంచితే రోజుకు 200 గ్రాములు. దాంట్లో 700 కేలరీలు. అంటే నాటేసే ఆడమనిషి ఒంటి ఖర్చులో నాలుగో వంతు. అది రావద్దని మేమనడం లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు గూడా ఎందరి ఇండ్లలోనో పొయ్యి వెలిగింది. ఆ నాలుగో వంతు కూడా లేకపోతే ఏమవుతుందో తెలిసినవాళ్లెవరూ దాన్ని ఉచితం, సోమరిపోతుల తిండి అని ఎగతాళి చెయ్యరు. కానీ మిగతా మూడు వంతులు కూలి డబ్బుతోనే కొనాలి గదా.

మిగతాది కూడా బియ్యమే కొని తింటే? కేలరీలు సరిపోతాయి, సుమారు 780 గ్రాముల బియ్యం తింటే 2720 అవుతాయి. కడుపూ నిండుతుంది. ఆ అవ్వ చేస్తున్నది అదే. అయినా పానం నిల్వడం లేదు. ఎందుచేత?

ఇక్కడ పొయ్యిని తలుచుకోండి. బియ్యం, జొన్న, మక్క, నూనె ఇవన్నీ కట్టెలు. గ్రాము పిండిపదార్థం నాలుగు కేలరీలు ఇస్తుంది, గ్రాము నూనె తొమ్మిది. కట్టెలెన్ని పెట్టినా గాలి ఆడకపోతే పొయ్యి పొగే గాని మంట కాదు. ఒంట్లో ఆ గాలిని, అంటే ప్రాణవాయువును, ఊపిరితిత్తుల నుంచి ప్రతి కణానికీ మోసుకుపోయేది నెత్తురులోని ఎర్రని పదార్థం హిమోగ్లోబిన్. దాని నడుమ ఉండేది ఇనుము. ఇనుము తగ్గితే మోత తగ్గుతుంది. అన్నం ఉన్నా మండదు. గుండె గాభరాగా కొట్టుకుంటుంది, ఆయాసం వస్తుంది, కండ్లకు చీకట్లు వస్తాయి. అవ్వ చెప్పింది అక్షరాలా ఇదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఐదేండ్ల లోపు పిల్లల్లో 70 శాతానికి ఉంది. ధాన్యం పండించడంలో దేశానికే పేరు తెచ్చామని చెప్పుకునే రాష్ట్రం ఇది. ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మామూలు పాలిష్ బియ్యం 200 గ్రాముల్లో ఒకటి రెండు మిల్లీగ్రాములు మించవు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బియ్యం పంచుతామని 2021లో కేంద్రం ప్రకటించింది. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని దానికి నిబంధన. నిబంధన నూటికి నూరుపాళ్లు అమలైనా 200 గ్రాముల్లో ఎనిమిదిన్నర దాటదు. (ఆ గింజలు ప్లాస్టిక్ అని ఊళ్లలో పుకారు తిరిగింది. అవి బియ్యప్పిండితోనే చేసిన గింజలు, ఏరి పారేయకండి.)

ఇనుముకు తోడు ఇంకో సంగతి. నెత్తురు కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దీని కథ కూలివాళ్ల కథ, ఒక తెలుగువాడి కథ కూడా. 1928లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక ఎందుకు చచ్చిపోతున్నారో వెతికింది. ఈస్టు సారం తినిపిస్తే తేరుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఉన్న పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1945లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నను బలి తీసుకున్నది స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టకుండా పోయే జబ్బు అది. బోస్టన్‌లో చదువుకుంటూ పొట్ట గడవక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోసిన మనిషి ఆయన.

అదే సుబ్బారావు అంతకుముందు 1929లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కండల్లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని కనిపెట్టాడు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఒంట్లో కట్టె మండిన శక్తి అంతా ముందు ఈ ఏ.టి.పి.గా మారుతుంది. కండ బిగిసినా, గుండె కొట్టుకున్నా, కన్ను చూసినా ఖర్చయ్యేది అదే. ఏ క్షణాన చూసినా ఒంట్లో అది పావుకిలో మించి ఉండదు. కానీ రోజంతా తయారవుతూ ఖర్చవుతూ మనిషి బరువుకు దగ్గర్లో తిరుగుతుంది. రోజుకూలీ జేబులో డబ్బు లాంటిదన్న మాట. నిలవ ఉండదు, రావాలి పోవాలి. రావడం ఆగితే పని ఆగుతుంది. గర్భిణులకు ఏ.ఎన్.ఎం. అమ్మ ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని కడుపులో తిప్పుతుందని చూరులో దోపేసే అక్కలు ఈ కథ వినాలి.

పొయ్యికి మంట అంటించే పుల్లలు కూడా కావాలి. అవి బి విటమిన్లు. వరి గింజలో ఇవి తవుడులో ఉంటాయి. మిల్లులో ఎంత తెల్లగా పాలిష్ పడితే అంత పోతాయి. పాలిష్ బియ్యం తిని కాళ్లు చచ్చుబడే బెరిబెరి జబ్బుపై పరిశోధనకే 1918లో నీలగిరుల్లోని కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక చిన్న కేంద్రం పెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. బియ్యం నుంచి పుట్టిన సంస్థ బియ్యం పండించే నేలకు వచ్చిందన్న మాట. వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబెట్టి ఆడిస్తే తవుడులోని విటమిను గింజలోకి దిగుతుంది. అదే ఉప్పుడు బియ్యం. కరీంనగర్ జిల్లా మిల్లుల్లో ఉప్పుడు బియ్యం ఎంత తయారైందో, 2021లో కేంద్రం కొననని మొండికేస్తే ఎంత రగడైందో మనకు తెలుసు. తయారుచేసింది మనం, తిన్నది వేరే రాష్ట్రాలవాళ్లు. మన నోటికి అది ఎక్కదు, నిజమే. కనీసం గంజి పారబోయకుండా తాగిన మన తాతల అలవాటైనా నిలబెట్టుకోవచ్చు.

ఇక పొయ్యి గోడలు. కండ, చర్మం, నెత్తురు, బిడ్డ ఒళ్లు కట్టేది మాంసకృత్తులతో. అవి ఇరవై రకాల ముక్కల కూర్పు, వాటిలో తొమ్మిది తిండి నుంచే రావాలి. బియ్యంలో లైసిన్ అనే ముక్క తక్కువ. పప్పులో అది దండిగా ఉంటుంది, పప్పులో తక్కువైన ముక్క బియ్యంలో ఉంటుంది. అందుకే అన్నం, పప్పు కలిపి తినడం మన పెద్దలు తెలియకనే కనిపెట్టిన శాస్త్రం. ఇరవై ముక్కల్లో ఒకటి తక్కువైనా గోడ అక్కడే ఆగుతుంది. కాబట్టి 780 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు అంకెల్లో సరిపోయినట్టు కనిపించినా ఒంటికి పట్టేది తక్కువ. 2024 సిఫార్సుల్లో 2000 కేలరీల భోజనానికే పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని రాశారు. చదువుతుంటే మాకూ అవ్వలాగే నవ్వొచ్చింది.

కొందరు మిత్రులు అంటారు: గట్క, అంబలి వదిలి తెల్లన్నం మరిగినందుకే ఈ రోగాలు, పాత తిండికి పోతే సరి. సగం నిజం. శ్రీరాంసాగర్‌కు 1963లో పునాది పడి, కాకతీయ కాల్వ నీళ్లు ఇటు వచ్చేదాకా ఇక్కడ జొన్న, మక్క, తైదలు, పెసర్లు, ఉలవలే ఎక్కువ. తైదల్లో సున్నం, ఉలవల్లో మాంసకృత్తులు ఉన్న మాట వాస్తవం. కానీ మన అవ్వలు ఆ గట్కతో పుష్టిగా బతికారనుకుంటే పొరపాటు. జొన్న గట్క, కారం మాత్రమే తిన్నవాళ్లకు ఎండ తగిలిన చోటల్లా చర్మం కమిలి, నోరు పూసి, విరేచనాలై, మతి తప్పే పెలగ్రా జబ్బు వచ్చేది. జొన్న తినే పేదల్లో ఇది ఎందుకొస్తుందో గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రవేత్తలు హైదరాబాదులోనే పరిశోధించి 1960లో ప్రకటించారు. లోపం జొన్నలో లేదు, జొన్న ఒక్కటే తినవలసి రావడంలో ఉంది. ఇప్పుడు జొన్న పోయి బియ్యం వచ్చింది. "ఒక్కటే" మాత్రం పోలేదు.

ఈ పెలగ్రాకు పత్తితో చుట్టరికం ఉంది, జమ్మికుంట పత్తి మార్కెట్టుకు బండ్లు తోలే ప్రాంతం గనుక చెప్పాలి. వందేండ్ల కింద అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి కౌలుదార్లు, నూలుమిల్లు కార్మికులు ఈ జబ్బుతో వేలల్లో చనిపోయారు. గుమ్మం దాకా పత్తే వేసేవారు, తినేది మక్కపిండి, పంది కొవ్వు, బెల్లంపాకం. అంటురోగమని డాక్టర్లు వాదించారు. గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు మాత్రం 1916లో దక్షిణ కరోలినాలోని ఏడు మిల్లు గ్రామాల్లో ఇంటింటి రాబడి, ఇంటింటి తిండి లెక్కగట్టించాడు. రాబడి తగ్గినకొద్దీ జబ్బు పెరిగినట్టు తేలింది. మందు కనిపెట్టకముందే జబ్బుకు కారణం కూలిలో ఉందని కనిపెట్టిన డాక్టరు ఆయన.

మన దగ్గరా పత్తి, మక్క సాళ్ల మధ్య కంది, పెసరి, బబ్బెర, అనుము సాళ్లు తగ్గిపోయాయి. కోత మిషను వచ్చాక కూలివాళ్లకు పరిగె గింజ మిగల్లేదు. గడ్డిమందు వచ్చాక చేన్లో గంగవాయిలి, చెంచలి కూర మిగల్లేదు. డబ్బు పెట్టకుండా దొరికిన ఇనుము, విటమిన్లు అవి. ఇవి పోయిన నష్టాన్ని ఏ కూలి ఒప్పందంలోనూ ఎవరూ కట్టివ్వలేదు.

ఇప్పుడు భూస్వాములు, గుత్తేదార్లు అనే మాట: "మన కూలోళ్లు పని చెయ్యరు, సోమరులైండ్రు, బీహారోళ్లు నయం." పాతికేండ్ల పిల్లలను ఊరుగాని ఊరు తెచ్చి గుత్తకు నాటిస్తే ఒకటి రెండేండ్లు చురుగ్గానే ఉంటారు, వాళ్ల ఒళ్లూ ఇనుముతో చేసింది కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు, వాళ్ల ఒప్పుకోలుతోనే, 24 వారాలపాటు రోజుకు సుమారు 1570 కేలరీల తిండి పెట్టి చూశాడు. బరువు నాలుగో వంతు తగ్గింది. ఇంకా ముఖ్యం, పడుకున్నప్పుడు ఒళ్లు చేసే ఖర్చే నూటికి నలభై దాకా పడిపోయింది. గుండె నెమ్మదించింది, చలి పుట్టింది, ఎవరితో మాట్లాడబుద్ధి కాలేదు, పొద్దంతా తిండి తలపే. చదువుకున్న అమెరికా పిల్లలు ఆరు నెలల్లో అట్లా అయ్యారు. రాబడి తగ్గితే ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది, అది దాని తెలివి. దాన్నే ఆసామి సోమరితనం అంటాడు. ఇండోనేసియా రబ్బరు తోటల్లో రక్తహీనత ఉన్న కూలీలకు ఇనుము మాత్రలిస్తే గీసే పాలు పెరిగాయని 1979లో ఒక పరిశోధన ప్రకటించారు. మాత్రకు ముందు వాళ్లను కూడా సోమరులనే అని ఉంటారు.

ఇక కూలి లెక్క. 1957లో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి ఒక కొలత పెట్టింది. కార్మికుడు, భార్య, పిల్లలు కలిసి మూడు వినియోగ పాళ్లు, పాలుకు 2700 కేలరీలు, మనిషికి ఏడాదికి 18 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు. ఆడవాళ్ల సంపాదన ఇందులో కలపవద్దని కూడా రాసింది. ఆ 2700 కేలరీల అంకె ఇచ్చిన అయక్రాయిడ్ మరెవరో కాదు, కూనూరు పరిశోధనాలయానికి పెద్దగా పనిచేసినవాడే. అంకె మధ్యరకం పని చేసే మనిషిది, బరువు పనికి అది చాలదు. అయినా ఆ చిన్న అంకెనే మీ ఊరి కూలికి పెట్టి చూడండి. 8100 కేలరీలు రోజుకు. దాన్ని బియ్యం ఒక్కదానితో కాకుండా పప్పు, నూనె, కూర, గుడ్డుతో నింపి హుజూరాబాద్ అంగడి ధరలు వెయ్యండి. ఏడాదిలో పని దొరికే రోజులను బట్టి పంచండి, పని లేని రోజున కూడా ఒళ్లు 1200 కేలరీలు అడుగుతుంది గనుక. అప్పుడు వచ్చే అంకె పట్టుకొని కూలి రేట్ల మాటకు కూర్చోవాలి.

చిన్న రైతు ఎక్కడినుంచి తెచ్చిస్తాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రెండెకరాల రైతూ, అతని భార్యా అదే బురదలో దిగుతున్నారు, వాళ్ల నెత్తురులోనూ ఇనుము లేదు. గిట్టుబాటు ధర లెక్కలో కూలి మనిషి తిండి ఖర్చు పూర్తిగా కట్టమని కూలీ, రైతూ కలిసి అడగవలసినది ప్రభుత్వాన్ని. ఈ ప్రాంతంలో ఆడ-మగ వరి పెట్టించి విత్తనం తీసుకుపోయే కంపెనీలను మాత్రం సూటిగా అడగాలి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు తాడు పట్టుకొని పుప్పొడి దులిపేవాళ్ల కష్టం ఆ విత్తనం సంచి ధరలో ఎంత? 2018 మేలో రైతుబంధు మొదలైంది మన మండలంలోని శాలపల్లి దగ్గరే. ఎకరానికింత అని ఇచ్చారు. ఎకరం లేని ఒంటికి పాసుబుక్కు ఎవరిచ్చారు?

రేషన్‌లో పప్పు, నూనె అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 2013లో అమ్మహస్తం పేరున తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు, నాణ్యత బాగాలేదని తిట్టుకున్నా పప్పు, నూనె ఇంటికొచ్చాయి. తర్వాత అదీ పోయింది.

చేతనైనంతలో చేసుకునేవి కొన్ని ఉన్నాయి. సద్ది తినగానే చాయ్ తాగితే అది కూరలోని ఇనుమును పట్టి ఉంచుతుంది, గంట ఆగి తాగండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే, జామకాయ కొరికితే ఆ ఇనుమే రెట్టింపుగా పడుతుంది. ఉత్త కాళ్లతో తడి నేల మీద తిరిగితే కొంకిపురుగు చేరి నెత్తురు తాగుతుంది, ఆ మందు సర్కారు దవాఖానల్లో ఉంటుంది.

చివరకు అంగన్‌వాడీ సంగతి. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం అన్నం, గుడ్డు, పాలు పెట్టే పద్ధతి వచ్చింది. మంచి పథకం. అవ్వ కోడలికి ఆరో నెల. "గుడ్డు సెంటర్ల ఉంటది, కోడలు పొలంల ఉంటది" అన్నది అవ్వ. పొద్దున ఏడింటికి పనికి పోయిన మనిషి పన్నెండింటికి ఊళ్లోకి వచ్చి తిని పోతే ఆ పూట కూలి కోస్తారు. నాట్లు, కోతల రోజుల్లో ఆ తిండి గిన్నెలో పెట్టి పొలానికి పంపాలి, లేదా నెలలు నిండేవాళ్లకు పనికి పోకుండా కూలి కట్టివ్వాలి. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి, బాలింతకు 6000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాసింది. బాలింత రోజులు వదిలేసి, కడుపుతో ఉన్న 270 రోజులకే పంచినా రోజుకు 22 రూపాయలు.